బోటు ఇంజను మీద కట్టిన పాట

సూర్యలంక దారిలో, బాపట్ల ఊరి చివర ఒక బార్ అండ్ రెస్టారెంటు ఉంది. పోయిన వేసవిలో ఒక ఆదివారం సాయంత్రం మా బావమరిది నన్ను అక్కడికి తీసుకెళ్లాడు.

"మనోళ్ళ బ్యాండే బావా. బ్లూస్ వాయిస్తారు," అన్నాడు.

"బ్లూస్ అంటే ఏంటి?"

"అమెరికాలో నల్లవాళ్ళు తమ కష్టాల మీద కట్టుకున్న పాటలు. వింటే నీకే తెలుసుద్ది."

తెనాలిలో చీరల కొట్టు నడుపుకునే మనిషిని. పెళ్ళి మేళం, గుడి మైకు తప్ప నాకు వేరే సంగీతం తెలియదు. చేపల వేపుడు బాగుంటుందన్నాడని వెళ్లాను.

లోపల ఒక మూల బల్లలు జరిపి చోటు చేశారు. బ్యాండులో ముగ్గురే. గిటారాయన రేపల్లెలో కరెంటు పని చేస్తాడట. డ్రమ్ములాయన ఒకప్పుడు మా తెనాలి పెళ్ళి మేళంలో వాయించినవాడు. పాడే ఆవిడ వేటపాలెం జీడిపప్పు ఫ్యాక్టరీలో పనిచేస్తుంది. చెప్పులు పక్కన విడిచి, కళ్ళు మూసుకుని మొదలుపెట్టింది.

పాట తెలుగులోనే ఉంది. జీడి రసం అంటి నల్లబడిన వేళ్ళ గురించి. ఒక మాట అంటుంది, అదే మాట మళ్ళీ అంటుంది, మూడోసారి దానికి జవాబు చెబుతుంది. మధ్య ఖాళీల్లో గిటారు మనిషిలాగే మూలుగుతుంది. వేపుడు చల్లారిపోవడం నేను గమనించలేదు.

పక్క బల్ల దగ్గర ఒకాయన గ్లాసు పైకెత్తి, "ఈ ఏడుపేంటమ్మా, సినిమా పాటేదన్నా అందుకో," అన్నాడు. అతని స్నేహితులు నవ్వారు. నాకు ఇబ్బందిగా అనిపించింది. ఆవిడకు మాత్రం కోపం రాలేదు.

"పాడతానన్నయ్యా. ముందు నువ్వేం చేస్తావో చెప్పు."

"వేటకెళ్తా. ఇప్పుడేం వెళ్తాలే, ఇంజను పాడై బోటు ఒడ్డునే పడుంది."

ఆవిడ గిటారాయన వైపు తల తిప్పి, చిటికెతో తాళం చూపించింది.

"ఇంజను దగ్గుద్ది, నా బోటు కదలనంటది,
ఇంజను దగ్గుద్ది, నా బోటు కదలనంటది,
అలొచ్చి పిలుస్తుంటే నా కాళ్ళకి సిగ్గేస్తది."

స్నేహితులు బల్ల మీద చరిచారు. అతను నవ్వలేదు, గ్లాసు కింద పెట్టాడు. తర్వాతి చరణంలో, భార్య ఏమీ అడగదనీ, అన్నం పెట్టి పక్కకు చూస్తుందనీ పాడింది. అతను తల వంచుకున్నాడు.

పాట అయ్యాక లేచి ఆవిడ దగ్గరికొచ్చాడు. "మా ఇంట్లో సంగతి నీకెట్టా తెలిసిందమ్మా?"

"మా ఇంట్లో సంగతే అన్నయ్యా."

అతను వెనక్కి వెళ్లి తన కుర్చీ ముందుకు తెచ్చుకుని, బ్యాండుకు దగ్గరగా కూర్చున్నాడు. "ఇంకోసారి పాడు," అన్నాడు. ఆ సాయంత్రం మళ్ళీ ఎవరూ సినిమా పాట అడగలేదు.

పెళ్ళిళ్ళలో, గుడి మైకులో ఎంతోమంది పాడగా విన్నాను. గొంతులు ఇంతకంటే తియ్యగా ఉన్నవే. కానీ ఎగతాళి చేసినవాడితో రెండు మాటలు మాట్లాడి, అక్కడికక్కడే అతని బాధను అతనికి పాటగా అందించిన మనిషిని అంతకుముందు చూడలేదు.

వచ్చేటప్పుడు, "చాలా బాగా పాడావమ్మా," అన్నాను.

"మళ్ళీ రండన్నయ్యా. వదిన్ని కూడా తీసుకురండి."

తర్వాతి నెల మా ఆవిణ్ణి తీసుకెళ్లాను. బార్ అంటే ముందు రానంది. వచ్చాక, చివరి పాట అయ్యేదాకా నన్ను లేవనివ్వలేదు. తెనాలి దారిలో బండి వెనక కూర్చుని అడిగింది: "పోయిన నెల ఇదంతా మీరొక్కరే విన్నారా?"