అంకె కింద వేలు

ఇప్పటికీ ఏ అంకెలు చదివినా నా వేలు వాటి కింద నడుస్తుంది. అది సూర్యాపేట ల్యాబులో రక్తం తీసే అన్న నేర్పిన అలవాటు.

మా బిడ్డకు తన రక్తమే తన కిడ్నీల మీద తిరగబడే రోగం వచ్చిన రోజులవి. పోయినప్పుడల్లా రెండు పరీక్షలు చేసేవారు; మొదటిదాంట్లో ప్రతిసారీ రోగం ఉందనే వచ్చేది. నేను ఏడ్చేదాన్ని.

“అక్కా, గది ఎప్పటికీ గట్లనే చెప్తది. రోగం లేసిందా, పండుకున్నదా అనేది గీ రెండో పరీక్షల ఉంటది. అంకె తగ్గితే పండుకున్నట్టు” అనేవాడు ఆ అన్న. పాత కాగితం, కొత్త కాగితం బల్ల మీద పక్కపక్కన పరిచి, అంకె కింద వేలు పెట్టి, నేను చదివేదాకా ఆగేవాడు.

“నాకు సదువు రాదన్నా.”

“మరి మీ కోదాడ బస్సెట్ల ఎక్కుతవ్?”

“అడిగి ఎక్కుత.”

“గీడ అడుగుడు లేదు.”

అంకెలు ఆ బల్ల దగ్గరే నేర్చుకున్నాను. ఒకరోజు ఆయన వేలు పెట్టకముందే, “నూట ఎనభై ఉండె, నలభై అయింది. తగ్గిందన్నా!” అని అరిచాను.

ఆయన వేలు గాలిలోనే ఆగింది.

“ఇగ నా వేలుకు పనిలేదక్కా” అని నవ్వాడు.