చచ్చినవాడి వేషం

మా బృందంలో పులి వేషానికి మనుషులు దొరికారు. పాముకూ దొరికారు. ఒకామెను కలలో తరిమిన లారీ అవ్వడానికైతే ఇద్దరు పోటీపడ్డారు. చచ్చినవాడి వేషం వెయ్యమంటే మాత్రం ఏడుగురూ ఒకేసారి తలలు దించుకుని చాప వైపు చూడసాగారు.

మనసు వైద్యంలో నా పని కలలతో. ఆదివారాలు అల్వాల్‌లో రైలెక్కి మేడ్చల్ వెళ్లి, ఒక సంఘ భవనం పై అంతస్తులో చాపలు పరుస్తాను. వచ్చినవాళ్లలో ఒకరు తమ కల చెబుతారు. మిగతావాళ్లు ఆ కలలోని మనుషులూ జంతువులూ వస్తువులూ అయి నిలబడతారు. కల కన్నవాళ్లు మళ్లీ అందులోకి నడిచి, అప్పుడు చెయ్యలేనిది ఇప్పుడు చేస్తారు. చెప్పడానికి ఇంతే. చేయించేసరికి నా తలప్రాణం తోకకొస్తుంది. నేను సోది చెప్పేదాన్ని కాదు మహాప్రభో అని ఎంత మొత్తుకున్నా, "పండ్లు ఊడినట్టు కలొచ్చింది, ఎవలికి గండం మేడం?" అనే అడుగుతారు.

ఆ రోజు కల శామీర్‌పేట నుంచి వచ్చే ఆమెది. చెరువులో చేపలు పట్టే కుటుంబం. భర్త ఆసుపత్రిలో పోయి ఎనిమిది నెలలు. కళ్లు మూస్తే చాలు, ఆయన చెరువులో నడుం లోతున నిలబడి "నీళ్లియ్యవే" అంటాడు. ఈమె కాళ్లు కదలవు. ఆ భయానికి నిద్రే మానేసింది. మొన్న చేపలు కోస్తూ కునికి వేలు తెగ్గోసుకుంది. కట్టు ఇంకా ఉంది.

"చెరువుల నిలవడ్డోనికి నీళ్లెందుకు మేడం?" అంది. ఎందుకో ఆమెకు తెలుసు. ఆపరేషన్‌కు ముందు చుక్క నీళ్లు కూడా ఇవ్వొద్దన్నారు డాక్టర్లు. ఆయన అడుగుతూనే ఉన్నాడు, ఈమె ఇవ్వలేదు. లోపలికి తీసుకెళ్లినవాడు తిరిగి రాలేదు. పోయేవాడి గొంతు తడపని ఆడది అని ఎవరూ అనలేదు. తనే రోజూ అనుకుంటోంది.

నీలం దుప్పటి పరిచి, ఇది చెరువు అన్నాను. భర్తగా ఎవరు నిలబడతారన్నాను. బస్ డిపోలో పనిచేసి రిటైరైన పెద్దాయన, కిందటి వారం హారన్ కొడుతూ మరీ లారీ అయినవాడు, రెండు చేతులూ జోడించాడు. "వచ్చే నెల మనుమరాలి పెండ్లున్నది మేడం. పైన తథాస్తు దేవతలుంటరు." బట్టలు కుట్టే ఆమె, "మా ఇంటాయనకు ముందుగాల్నే బీపీ" అంది. తథాస్తు దేవతలకు వేరే పని లేదా, మేడ్చల్‌లో మన నాటకం చూడ్డానికి మెట్లెక్కి వస్తారా అని అరిచాను. భర్తకు గుర్తుగా పెడతాను, కనీసం భుజం మీది తువ్వాలైనా ఇమ్మంటే పెద్దాయన అదీ ఇవ్వలేదు.

ఖాళీ కుర్చీ వేసి, ఇదే ఆయన అనుకుని మాట్లాడమన్నాను. మా విద్యలో పాత ఉపాయమిది. ఆమె కుర్చీని కిందికీ మీదికీ చూసింది. "గీ ప్లాస్టిక్ కుర్చీకి దూపెట్లయితది, నీళ్లెట్ల తాగుతది మేడం?"

ఇక ఓపిక చచ్చి నేనే దుప్పటి మీదికి నడిచాను. నడిపించేవాళ్లు పాత్ర వెయ్యకూడదని కొత్తగా నేర్చుకునేవాళ్లకు చెప్పేదాన్ని నేనే. "నీళ్లియ్యవే" అన్నాను. ఆమె కదల్లేదు. "ఆ కాళ్లకు మాటలొస్తే ఇప్పుడు ఏమంటాయి? ఒంట్లో ఎక్కడ బరువుగా ఉంది?" అని భర్త వేషంలోనే ఆరా తీశాను.

"నువ్వు ఊకో మేడం," అని ఆమె విసుక్కుంది. "ఆయన గిన్ని ముచ్చట్లు జెప్పెటోడు గాదు. ఒక్క మాటడిగి సూస్తుండె, గంతే."

నాకు ఒళ్లు మండింది. సిగ్గూ వేసింది. నోరు మూసుకుని ఆమె వైపే చూస్తూ నిలబడ్డాను. అంతసేపు మాట్లాడకుండా ఆ గదిలో నేనెప్పుడూ లేను.

చివరికి ఒక అడుగు పడింది. తన సంచిలోంచి నీళ్ల సీసా తీసింది. "డాక్టర్లు ఇయ్యద్దన్నరు. ఇస్తె నీ పాణానికి ముప్పన్నరు. బతుకుతవనే ఇయ్యలె," అంటూ నా గడ్డం పట్టుకుని సీసా నోటికి పెట్టింది. "తాగు. ఇగ తాగు." సగం గొంతులోకి, సగం చీర మీదికి. సీసా ఖాళీ అయ్యేదాకా గడ్డం వదల్లేదు. పెద్దాయన ఎవరూ అడక్కుండానే తువ్వాల తెచ్చి నా చేతిలో పెట్టాడు.

ఆ తరవాత అందరూ గుండ్రంగా కూర్చుని ఎవరికేమనిపించిందో చెప్పాలి, అది పద్ధతి. నేను గొంతు సవరించుకునేలోపే ఆమె దుప్పటి మీద ఒరిగి నిద్రపోయింది. కట్టున్న చెయ్యి తల కింద, నోరు తెరుచుకుని, గురక. మిగతావాళ్లు చెప్పులు చేతపట్టుకుని మెట్లు దిగారు.

ఒంటిగంటకు వాచ్‌మన్ తాళాలు గలగలలాడిస్తూ వచ్చాడు. "టైమైంది మేడం, ఫంక్షనోళ్లు కిందనే ఉన్నరు. గామెను లేపున్రి."

"లేపితే ఊరుకోను," అన్నాను.

"ఏమైందామెకు?"

"నిద్రపోతోంది."

"గంతేనా?" అని సణిగాడు.

ఎనిమిది నెలల సంగతి చెప్పబోయి ఆగాను. తడిచీరతో గుమ్మానికి అడ్డంగా కూర్చున్నాను.