తెల్లసొన బిగుసుకోని చోటు

కళ్ళజోళ్ళ దుకాణంలో పనిచేసే ఆమెను వీధిలో అందరూ అద్దాలక్క అనేవారు. పదకొండేళ్ళుగా ఆమె పని పరాయి ముఖాలతోనే. ఫ్రేము పెట్టి చూడడం, ముక్కు మీద జారుతుంటే సరిచేయడం, కాడను కాస్త వేడిచేసి చెవి వెనక్కి వంచడం. ఎవరి చెవి కిందికుందో, ఎవరి ముక్కు పక్కకి ఒరిగిందో వాళ్ళ కంటే ముందు ఆమెకే తెలిసేది.

తన ముఖం సంగతి మాత్రం ఆదివారం మధ్యాహ్నానికి గానీ గుర్తొచ్చేది కాదు. ఒకే ఇంట్లో రెండు వాటాలు. పక్క వాటాలో తోడికోడలు. అన్నాలు తిని గిన్నెలు కడిగేశాక ఆ చిన్నామె గుడ్డు తెల్లసొన గిలక్కొట్టి, చెంచాడు తేనె, రెండు చెంచాల ఓట్స్ పిండి కలిపి తెచ్చేది. వెనక వరండాలో చాప వేసుకుని ఒకరి ముఖానికి ఒకరు పట్టించుకునేవారు. ఆరేదాకా నవ్వకూడదు, నవ్వితే పగుళ్ళిస్తుంది. చిన్నామె పనల్లా అక్కను నవ్వించడమే.

"అక్కా, మీ మరిది నిన్న అద్దం ముందు పొట్ట లోపలికి లాక్కున్నాడు. ఊపిరి వదలడం మరిచిపోయి పది నిమిషాలు దగ్గాడు."

"నోర్మూసుకోవే. నా ముఖం పెచ్చులూడుతుంది" అంది అద్దాలక్క పెదవులు కదపకుండా.

అలాంటి ఒక ఆదివారమే అది తెలిసింది. తెల్లసొన ఆరేకొద్దీ నుదురు లాగుతోంది, గడ్డం లాగుతోంది, కుడిబుగ్గ చిటపటమంటోంది. ఎడమ కన్ను కింద, బుగ్గ ఎముక దగ్గర, కోటు బొత్తామంత మేర మాత్రం ఏమీ లేదు.

"ఇక్కడ పూయడం మరిచిపోయినట్టున్నావ్" అంది.

చిన్నామె వంగి చూసింది. "భలేదానివే, అన్నిటికన్నా మందంగా అక్కడే పూశాను. ఆ పాలిపోయిన మచ్చ పోవాలనేగా నా గోలంతా!"

ఆ మచ్చ వచ్చి ఆరు నెలలైంది. చుట్టూ ఉన్న చర్మం కంటే రంగు కాస్త తక్కువ, అంతే. పొడిబారిందనుకున్నారు. కీరా గుజ్జు, బొప్పాయి, పెరుగు అన్నీ అయ్యాయి. అది కదల్లేదు.

ముఖం కడుక్కునే నెపంతో అద్దాలక్క స్నానాలగది గడియ పెట్టుకుంది. జడపిన్నుతో మచ్చ పక్కన పొడుచుకుంది. చురుక్కుమంది. మధ్యలో పొడుచుకుంది. పిన్ను తగిలినట్టు వేలికి తెలుస్తోంది, బుగ్గకి తెలియడం లేదు. ఇంకాస్త గట్టిగా నొక్కింది. అద్దంలో ఎర్రటి చుక్క కనబడింది, నొప్పి మాత్రం లేదు. బోర్లించిన బకెట్టు మీద కూలబడింది.

రోజూ బస్సు కోసం ఆమె నిలబడేది ఆరోగ్య కేంద్రం గోడ పక్కనే. ఆ గోడ మీద ఏళ్ళుగా ఒక రాత ఉంది. "స్పర్శ లేని మచ్చ ఉందా?" దాని కింద ఒక జబ్బు పేరు. ఆ పేరును మనసులో కూడా పూర్తిగా పలకలేకపోయింది.

ఆ రోజునుంచి భయం ఆమెతోనే కాపురం పెట్టింది. దుకాణానికి రబ్బరు గ్లౌజులు కొనుక్కుపోయింది.

"ఏంటమ్మా, కళ్ళజోడు పెడుతున్నావా, ఆపరేషన్ చేస్తున్నావా?" అని యజమాని నవ్వాడు.

"చేతులు చెమట పడుతున్నాయండీ."

అబద్ధం కాదు, నిజంగానే పడుతున్నాయి. ఒక పెద్దాయన చెవి వెనక కాడ సర్దుతుంటే, ఇన్నేళ్ళలో ఇలా ముట్టుకున్న చెవులన్నీ గుర్తొచ్చాయి.

ఇంట్లో తన గ్లాసు, తువ్వాలు విడిగా పెట్టుకుంది. భర్త దూరపు బస్సుల డ్రైవరు, వారానికి రెండు రోజులే ఇంట్లో ఉంటాడు. ఆ రెండు రోజులూ జలుబని చెప్పి ముందుగదిలో పడుకుంది. చిన్నామె కూతురు, మూడేళ్ళది, అలవాటుగా ఒళ్ళోకెక్కి బుగ్గ మీద ముద్దు పెట్టబోతే ఒక్క తోపు తోసింది. పిల్ల వెల్లకిలా పడి గుక్కపెట్టింది.

"ఏమైందక్కా నీకు?"

"తలనొప్పిగా ఉంది, తీసుకుపో దాన్ని."

తర్వాతి ఆదివారం చిన్నామె గిన్నె పట్టుకుని తలుపు కొడితే నిద్రపోతున్నట్టు ఊరుకుంది.

పిన్నుతో పొడుచుకోవడం రోజుకు నాలుగైదుసార్లయింది. మచ్చ పెరిగిందేమోనని పాత కోటు బొత్తాం దాని మీద ఆనించి చూసుకునేది. మూడోవారం ఒక పొద్దున బొత్తాం చుట్టూ పాలిపోయిన అంచు బయటికి కనబడింది. ఇక ఆగలేకపోయింది.

ఆరోగ్య కేంద్రంలో డాక్టరమ్మ ఆమెకంటే చిన్నది. "కళ్ళు మూసుకోండి. దూది తగిలినప్పుడల్లా ఎక్కడ తగిలిందో వేలితో చూపించండి" అంది.

నుదురు. చూపించింది. గడ్డం. చూపించింది. తర్వాత చాలాసేపు ఏమీ తగల్లేదు. పరీక్ష అయిపోయిందేమోనని కళ్ళు తెరిచింది. దూది బుగ్గ మీదే ఉంది.

డాక్టరమ్మ ఉత్త చేతులతోనే ఆమె మెడ పక్కన, మోచేతి వెనక నరాలు తడిమింది. కళ్ళు గట్టిగా మూయించి చూసింది.

"కుష్టే అమ్మా. కానీ తొందరగా వచ్చారు, ఒక్కటే మచ్చ. ఆరు నెలలు మాత్రలు మానకుండా వాడితే నయమైపోతుంది. మందు మొదలెట్టాక మీనుంచి ఎవరికీ రాదు."

"దుకాణంలో ఎంతమంది ముఖాలు ముట్టుకున్నానో!"

"అలా ముట్టుకుంటే అంటుకునేది కాదిది. ఇంట్లోవాళ్ళని మాత్రం అందరినీ ఒకసారి తీసుకురండి. చూడాలి."

ఆ ఆఖరి మాటతో ఒళ్ళోకెక్కే పిల్ల గుర్తొచ్చింది.

భర్తకు ఫోనులో చెప్పింది. అటునుంచి బస్సు ఇంజను ఆపిన చప్పుడు వినబడింది. "నువ్వు మాత్ర వేసుకో. నేనొస్తున్నా" అన్నాడు. చిన్నామెకు ఎదురుగా నిలబడి చెప్పాలి. బట్టలు మడతపెడుతుంటే వెళ్ళి, గుమ్మంలోనే నిలబడి, ఒక్క గుక్కలో చెప్పేసింది.

చిన్నామె చేతిలోని పిల్ల గౌను జారిపోయింది. "ఎన్నాళ్ళనుంచి తెలుసు?"

"మూడు వారాలు."

"మూడు వారాలు దాచావా? నా పిల్ల నీ ఒళ్ళోనే పెరిగింది కదక్కా!"

పిల్లను చంకనేసుకుని లోపలికి పోయి గడియ పెట్టుకుంది. రెండు రోజులు ఆ తలుపు తెరుచుకోలేదు. మరిది ఎదురుపడి కూడా తల దించుకుని వెళ్ళిపోయాడు. ఇల్లు ఖాళీ చేయమంటారా? దుకాణానికి కబురు పంపుతారా? గోడ అవతల పిల్ల దగ్గినా అద్దాలక్క ఉలిక్కిపడి లేచి కూర్చుంది.

మూడోనాడు పొద్దున తలుపు తెరుచుకుంది. చిన్నామె కళ్ళు వాచిపోయి ఉన్నాయి. పిల్లకు చెప్పులు తొడిగి సిద్ధంగా ఉంది.

"పద, ఆ డాక్టరు దగ్గరికి. ముందు నన్ను చూడమను. నాకేం లేకపోతే దానికీ ఉండదు, కదా?"

అద్దాలక్కకు తెలియదు. "ఉండదు" అంది.

చిన్నామెకు ఏమీ లేదు. పిల్ల గౌను విప్పితే, వీపు మీద పాలిపోయిన మరక ఒకటి బయటపడింది. ఇద్దరూ ఒకేసారి చూశారు. చిన్నామె వేళ్ళు బల్ల అంచును బిగించి పట్టుకున్నాయి. డాక్టరమ్మ దూదిపోగు తీసి మరక మీద తేలిగ్గా రాసింది.

పిల్ల మెలికలు తిరిగిపోయి కిలకిలా నవ్వింది. "చక్కిలిగిలి!"

"ఇది చర్మం పొడిబారి వచ్చిన మామూలు మచ్చ" అంది డాక్టరమ్మ. చిన్నామె అక్కడే నేల మీద కూర్చుండిపోయి వెక్కివెక్కి ఏడ్చింది.

ఆ వారంలోనే వెళ్ళి చూపించుకున్న అన్నదమ్ములిద్దరికీ ఏమీ లేదు. ఆరు నెలల మాత్రలూ అయిపోయాయి. మచ్చ రంగు చాలావరకు కలిసిపోయింది, స్పర్శ సగమే వచ్చింది. చిన్నామె మళ్ళీ మాట్లాడడం మొదలుపెట్టింది కానీ, మొదట్లో ఆ మాటలన్నీ నీళ్ళ గురించీ కరెంటు గురించీ. తలుపేసుకున్న సంగతి ఆమె ఎత్తలేదు, దాచిన సంగతి ఈమె ఎత్తలేదు.

ఏడో నెలలో ఒక సాయంత్రం పిల్లను తనే తీసుకొచ్చి అక్క ఒళ్ళో కూర్చోబెట్టింది. కూర్చోబెట్టిందే గానీ గుమ్మం దాటి వెళ్ళలేదు, నిలబడి చూస్తూనే ఉంది. ఆ చూపును అద్దాలక్క తప్పుపట్టలేదు. తనూ పిల్ల వీపు నిమురుతున్నట్టే నిమురుతూ, వేలికొసతో తేలిగ్గా రాసి, ఒళ్ళు జలదరిస్తుందో లేదో చూసుకుంటోంది.