రాట్నం లేని గుర్రం

"మనుషులు కాళ్లు చాపెతందుకే జాగ లేదు, గీ గుర్రాన్ని యాడ కట్టేస్తవయ్యా?" అని చంద్రమ్మ మొగుణ్ణి మొహం మీదే అడిగింది. మాదాపూర్ పక్కనున్న పిల్లల పార్కు మూతపడ్డాక, అక్కడ రంగులరాట్నం తిప్పిన ఎల్లేశం, బాలానగర్ పాత సామాను దుకాణానికి చేరిన ఆ రాట్నం గుర్రాల్లో ఒకదాన్ని అప్పు మీద ఇంటికి తెచ్చుకున్నాడు. పార్కు స్థలంలో లేచిన అద్దాల మేడకే ఇప్పుడతను వాచ్‌మన్. కారు రాగానే గేటు కర్ర ఎత్తుతూ, "గట్టిగ పట్టుకోండ్రి" అంటాడు. కార్లవాళ్లు నవ్వుకుంటారు. అతను మాత్రం నవ్వడు. రాట్నం తిప్పిన రోజుల నుంచీ, ఆ మాట అనకుండా దేన్నీ కదిలించకపోవడం అతని చేతికి అలవాటు.

మొన్న ఆ మేడలో పనిచేసే జశ్వంత్ గుర్రం సంగతి తెలిసి ఇంటికే వచ్చాడు. "చిన్నప్పుడు ఇలాంటిదే ఎక్కానండీ. మా ఆఫీసులో పెట్టుకుంటాం, రెండు వేలిస్తాను." చంద్రమ్మ ముఖం విప్పారింది. పిల్లలు పట్టుకుని పట్టుకుని రంగుపోయిన గుర్రం చెవిని ఎల్లేశం తువ్వాలుతో తుడిచాడు.

"తిప్పుతరా సార్?"

"తిప్పడమేంటండీ, గోడకి బిగిస్తాం."

"గట్లయితే నేనియ్య సార్."

అతను వెళ్లిపోయాక చంద్రమ్మ, "నీ తాన ఉంటె తిరుగుతదా మరి?" అంది. ఎల్లేశం గుర్రం రెండో చెవిని కూడా తుడిచాడు. గుర్రం తాలూకు మూడొందలు బాలానగర్ దుకాణానికి ఇంకా బాకీ ఉన్నాయి.