తడిసిన లేబుల్

హాలియాలో మందుల దుకాణం చాచా ఏ సీసానూ నేరుగా చేతికిచ్చేవాడు కాదు. గడప దాకా తెచ్చి, వెలుతురులో అటూ ఇటూ వంచి, లేబుల్ మీది ఆకుపచ్చ నీలంగా మారితేనే ఇచ్చేవాడు. "గిది పూసిన రంగు కాదు బిడ్డా. నెమలీక లెక్క వెలుగుతోని వచ్చేది. నకిలీగాళ్ల తాతకు గూడ రాదు," అని నవ్వేవాడు.

ఒక వానాకాలం మా పాపకు ఫిట్స్ మందు అయిపోయింది. పొద్దున వేయాల్సింది వేయలేదు. దుకాణంలో ఉన్న ఒక్క సీసా పైకప్పు కారి తడిసింది. చాచా తుడిచి ఎంత వంచినా రంగు రాలేదు.

"నకిలీది బిడ్డా. నా చేతులతోని ఇయ్యలేను. నల్గొండకు పో."

బస్సులోనే పాపకు ఫిట్స్ వచ్చింది.

మర్నాడు ఆయనే ఆ సీసా పట్టుకొని ఇంటికొచ్చాడు. ఆరిన లేబుల్ నీలంగా మెరుస్తోంది. "మందు అసలుదే. తడిస్తే రంగు పోతదని నాకు తెల్వలే," అన్నాడు. నాకు కోపమూ రాలేదు, ఏడుపూ రాలేదు. ఛాయ్ తాగి పొమ్మన్నాను. తాగలేదు.

ఇప్పుడు చాచా లేడు. కొత్త సీసా తెచ్చినప్పుడల్లా ఫ్యాను కింద ఆరనిచ్చి, కిటికీ దగ్గర వంచి చూస్తాను. రంగు మారేదాకా పాప కూడా మందుకు నోరు తెరవదు.