గుమ్మడికాయకు మొదటి గాటు

మా అపార్ట్‌మెంటు టెర్రస్ మీద రెండు తోటలున్నాయి. ఒకటి నాది, రెండోది మా ఎదురు ఫ్లాటులో కిరాయికి దిగిన నర్సుది. నా తోటలో గ్రో బ్యాగులున్నాయి, కొబ్బరి పొట్టు ఉంది, వేపపిండి ఉంది, ఎక్కడెక్కడి నుంచో తెప్పించిన విత్తనాలున్నాయి. ఆమె తోటలో ఉన్నవి ఖాళీ పెయింటు డబ్బాలు, అంచు పగిలిన ఒక నీళ్ళ టబ్బు. కాయలు మాత్రం ఆమె తోటలోనే ఉన్నాయి.

ఈ మాట చెప్పాలంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. వానలు వెనకపట్టి, బతుకమ్మ సందడి అయిపోయి, కొత్తగూడ ఫ్లైఓవర్ మీద పొద్దుటి ఎండ మెత్తబడే రోజులు మిద్దె తోటలకు మంచి రోజులు. పాదులన్నీ పూతకొచ్చే కాలం. సరిగ్గా ఆ కాలానికే నా చిక్కుడుకు పేనుబంక పట్టింది. టమాటాలకు ఆకుముడత వచ్చింది. ఆమె పాతిన బూడిద గుమ్మడి మాత్రం టబ్బులోంచి లేచి, బట్టలారేసే తీగల మీదుగా పాకి, నీళ్ళ ట్యాంకు చుట్టూ తిరిగి అక్కడ కాయలు దించింది. ఒళ్ళంతా బూడిద పూసుకుని, పీటలేసుకుని కూర్చున్నట్టు కూర్చున్నాయి కాయలు. ఆమె వాటికి నీళ్ళు పోయడం తప్ప ఇంకేమీ చేసినట్టు నేను చూడలేదు. చూసినప్పుడల్లా నా కళ్ళు కుట్టేవి.

కాయల సంగతైతే ఎలాగో ఓర్చుకునేదాన్ని. నేను ఓర్చుకోలేకపోయింది మా అమ్మ సంగతి.

మేం గోపన్‌పల్లి వాళ్ళం. ఇప్పుడు అపార్ట్‌మెంట్లు లేచినచోట మాకు కొంచెం చేను, ఇంటి వెనక కూరగాయల మడులు ఉండేవి. కార్తీకం వచ్చిందంటే మా దాబా మీద కాలు పెట్టడానికి చోటుండేది కాదు. ఒక పక్క ఎండబెట్టిన చిక్కుడు ఒరుగులు, ఇంకో పక్క వంకాయ ఒరుగులు, నడుమ పాత చీరల మీద గుమ్మడి వడియాలు. కాకులను తోలే డ్యూటీ నాది. అమ్మ పెట్టిన వడియాలకు వాడలో పేరుండేది. ఎవరింట్లో పెళ్ళి కుదిరినా వడియాల పిండి కలపడానికి అమ్మనే పిలిచేవాళ్ళు.

ఆ వడియాల పనిలో ఒక కట్టుబాటు ఉంది. గుమ్మడికాయకు ఆడవాళ్ళు కత్తి పెట్టకూడదు. మొదటి గాటు మగవాడు పెట్టాలి, తర్వాత ఎవరు కోసుకున్నా ఫరవాలేదు. నాన్న పొలం నుంచి వచ్చి, కాళ్ళు కడుక్కుని, ఒక్క గాటు పెట్టి వెళ్ళిపోయేవాడు. వడియాల్లో ఆయన చేసే పని అదొక్కటే. చిన్నప్పుడు నాన్న రావడం ఆలస్యమైందని నేను ఆత్రంగా కత్తి తీసుకుంటే అమ్మ నా వీపు విమానం మోత మోగించింది. అంత కోపం మళ్ళీ ఎన్నడూ చూడలేదు.

నాన్న పోయాక అమ్మ నా దగ్గరికి వచ్చేసింది. నేను పెళ్ళి చేసుకోలేదు కాబట్టి ఇంట్లో ఇద్దరమే. వచ్చినప్పటి నుంచి అమ్మ ఒక్క వడియం పెట్టలేదు. హైటెక్ సిటీలో ఆఫీసు పని చేసుకునే నేను ఈ మిద్దె తోట మొదలుపెట్టిందే అమ్మ కోసం. పైకి పోదాం రా అంటే "మోకాళ్ళు గుంజుతున్నయ్ బిడ్డా, నువ్వు పో" అనేది. లిఫ్టు చివరి అంతస్తు దాకానే పోతుంది, అక్కడి నుంచి మెట్లెక్కాలి. సరే, మెట్లు కష్టమనుకున్నాను. ప్రతి కార్తీకంలో రైతుబజారు నుంచి ఒక బూడిద గుమ్మడికాయ తెచ్చి వంటింట్లో పెట్టేదాన్ని. "ఇప్పుడెందుకే, తినేటోళ్ళెవరు?" అని అమ్మ దాన్ని ఎవరికో ఇచ్చేసేది. వాచ్‌మన్‌ను పిలిచి గాటు పెట్టిద్దామంటే "మీ నాయిన పెట్టిన గాటు ఇంకోలు పెడ్తరా?" అని మొహం తిప్పుకుంది. అది దుఃఖం అనుకుని నేను మళ్ళీ ఆ ఊసెత్తలేదు.

ఒక శనివారం చిక్కుడు మీద వేపనూనె కొడదామని టెర్రస్ మెట్లెక్కుతుంటే పైనుంచి అమ్మ నవ్వు వినిపించింది. అమ్మ అలా నవ్వి ఎన్నేళ్ళయిందో. పైకి వెళ్ళి చూస్తే, మోకాళ్ళు గుంజే మా అమ్మ ట్యాంకు నీడలో చిన్న స్టూలు మీద కూర్చుని ఉంది. పక్కన నర్సు. ఇద్దరి ముందు రెండు చెక్కలైన గుమ్మడికాయ.

ఆ అమ్మాయిది భీమవరం వైపు. ఆదివారం చర్చికి వెళ్ళే కుటుంబం. వడియాలు పెట్టుకుందామని సరదా పుట్టి, సొరకాయ కోసినట్టు కాయను మధ్యకు కోసేసి, తర్వాత ఏం చేయాలో తెలియక మా తలుపు కొట్టిందట.

"అయ్యో, మగవాళ్ళు కోయాలా? నాకు తెలీదండి పెద్దమ్మగారూ. తప్పయిపోయిందా అండి?" అంటోంది.

"కోసినవ్ గదా, ఇగ ఏం జేస్తం? ముక్కలు సన్నగ చెయ్యి. గట్ల కాదు, ఇటు తే," అని అమ్మ ఆమె చేతిలోంచి కత్తి లాక్కుంది.

అంతే. వీపు మీద దెబ్బ లేదు, కనీసం ఒక తిట్టు లేదు. ఇన్నేళ్ళు నేను అమ్మ మనసు నొప్పించకూడదని అడుగులో అడుగు వేసుకుంటూ బతికితే, ఏమీ తెలియని ఒకామె కసుక్కున ఒక్క కోత కోసి అమ్మను మెట్లెక్కించింది. నేను వేపనూనె సీసా అక్కడే పెట్టి కిందికి వచ్చేశాను.

ఆ తర్వాత అమ్మ ఇంట్లో ఉన్నది తక్కువ. ముక్కలకు ఉప్పు పట్టించి, గుడ్డలో మూటకట్టి, పైన బరువు పెట్టి నీళ్ళన్నీ కారిపోయేలా చేయడం ఒక రోజు. మినప్పప్పు పొట్టు పోయేలా కడిగి, నీళ్ళు చుక్క తగలకుండా గట్టిగా రుబ్బడం, పచ్చిమిర్చి, జీలకర్ర వేసి కలపడం ఇంకో రోజు. నేను మీటింగుల్లో ఉంటే తలుపు చప్పుడు వినిపించేది, అమ్మ వెళ్ళిపోయేది. సాయంత్రం అన్నం దగ్గర కూడా ఆమె ముచ్చటే.

"ఆ పిల్ల చెయ్యి మంచిది. ఏది పెట్టినా బతుకుతది."

"మరి నా చెయ్యికేమైంది?" అన్నాను.

"నీ చెయ్యి ఎప్పుడు సూడు ఫోను మీదనే ఉంటది గదనే."

నవ్వాల్సిన మాటే. నేను కంచం పక్కకు జరిపాను.

పెద్దమ్మగారూ అని మొదలైన పిలుపు వారం తిరిగేలోగా అమ్మా అయింది. "అమ్మా, కాస్త ఈ ఉప్పు చూడండి." "అమ్మా, ఇవి తిరగేయొచ్చా?" ఎవరికి అమ్మ? ఆమెకు చిన్నప్పుడే తల్లి పోయిందని, హాస్టళ్ళలో పెరిగిందని, భర్త ఓడ మీద పనికి వెళ్తే నెలల తరబడి రాడని అమ్మే నాకు చెప్పింది. ఒకరోజు లిఫ్టులో ఆమె నాతో, "మీరు చాలా అదృష్టవంతులండి," అంది. అవునమ్మా, అందుకే నా అదృష్టాన్ని తీసుకెళ్ళి ట్యాంకు కింద కూర్చోబెట్టుకున్నావు అనుకున్నాను. పైకి మాత్రం నవ్వాను. ఆ నవ్వు నాకే అసహ్యంగా అనిపించింది.

మధ్యలో ఒకరోజు మబ్బు పట్టింది. వడియాలు ఇంకా పచ్చిగానే ఉన్నాయి. కురవనీ, అన్నీ పిండి పిండి అయిపోనీ అని కిటికీ దగ్గర నిలబడి మనసారా కోరుకున్నాను. చినుకు రాలగానే అమ్మ చెప్పులు కూడా వేసుకోకుండా తలుపు తీసి పరుగెత్తింది. నర్సు డ్యూటీలో ఉంది. ఆ మోకాళ్ళతో అమ్మ మెట్ల మీద పడుతుందేమోనని నేనూ వెనకే పరుగెత్తాను. చివరికి నర్సు వడియాల చీరను నాలుగు మూలలా పట్టుకుని లోపలికి మోసుకొచ్చింది నేనే. మోసినంతసేపూ తిట్టుకుంటూనే ఉన్నాను.

ఎండాక నర్సు ఒక డబ్బా నిండా వడియాలు తెచ్చిచ్చింది. అమ్మ నూనెలో వేయించి పప్పులోకి పెట్టింది. గోపన్‌పల్లి దాబా మీద రుచి, ఏమాత్రం తేడా లేదు. "ఉప్పెక్కువైంది," అన్నాను. అమ్మ ఇంకో నాలుగు నా కంచంలో వేసింది. అన్నీ తిన్నాను.

రెండో కాయ కోసే రోజు ఆదివారం. ఆమె చర్చి నుంచి వచ్చి కాయను కిందికి, మా హాల్లోకే తెచ్చింది. మినప్పప్పు గిన్నె ముందు పెట్టుకుని పొట్టు తీస్తూ కూర్చుంది. నేను వంటింట్లోంచి పెద్ద కత్తి తెచ్చుకుని, కాయను నా ముందుకు జరుపుకున్నాను. ఈ ఏడు నా చెయ్యి కూడా ఈ పనిలో పడాలి, అమ్మ నాకూ నేర్పాలి అని పొద్దున లేచినప్పుడే నిశ్చయించుకున్నాను.

"అమ్మా, ఇది నేను కోస్త."

"కోయండి, కోయండి," అంది నర్సు సంబరంగా.

కత్తి తొక్కకు తాకిందో లేదో, అమ్మ నా మణికట్టు పట్టుకుంది. ఆ వయసులో అంత బలం ఎక్కడి నుంచి వచ్చిందో.

"నువ్వొద్దు."

"ఎందుకొద్దు? ఆమె కోస్తే నవ్వినవ్ గదా!"

"నువ్వు కొయ్యకే. చెప్తున్న గదా."

ఇన్ని రోజులుగా కడుపులో దాచుకున్నదంతా అప్పుడు బయటికొచ్చింది. "నేను తెచ్చిన కాయలన్ని ఊరికి పంచినవ్. నా తోట మొకం ఒక్కనాడు చూడలే. ఆమె పిలిస్తే మాత్రం మోకాళ్ళు నొయ్యవ్. నేర్పితే ఆమెకు నేర్పినవ్, నాకు నేర్పలే. ఆమె అంటేనే నీకు పానం!" నలభై దాటిన మనిషిని, వడియాల కోసం ఏడుస్తున్నాను. పక్కన పరాయి మనిషి ఉందన్న సిగ్గు కూడా లేదు.

అమ్మ నా మణికట్టు వదల్లేదు.

"పిచ్చిదానా, కోసినోళ్ళకే కీడంటరే. మీ నాయిన ఏటేటా కోసిండు. నేనే కోయిపిచ్చిన. నిండ నూరేండ్లుండాల్సిన మనిషి పాయె. ఇగ నిన్ను గూడ పోగొట్టుకోమంటవా? ఆమె కోస్తే కోసింది. ఆమెదేముంది, పరాయి పిల్ల."

ఇన్నేళ్ళుగా అమ్మ వడియాలు ఎందుకు పెట్టలేదో నాకు అప్పుడు తెలిసింది. ఇది మూఢనమ్మకం, ఆయన పోయింది గుండె జబ్బుతో అని చెప్పాలని నాకు ఆ క్షణంలో తోచనే లేదు. గుండె నిండిపోయింది. నేనే గెలిచాను అనుకున్నాను. నేను అమ్మ సొంత బిడ్డను, ఆమె పరాయిది. ఇన్ని రోజులుగా నేను వినాలనుకున్న మాట అదొక్కటే.

అప్పుడు పక్కన పప్పు కడుగుతున్న చప్పుడు ఆగిపోయిందని గమనించాను.

అమ్మ కూడా గమనించినట్టుంది. తల దించుకుని నేల చూస్తోంది. నర్సు చేతులు గిన్నెలో మునిగే ఉన్నాయి. వాటిని బయటికి తీసి, చున్నీకి తుడుచుకుని, నా దగ్గరికి జరిగింది. మొహంలో నవ్వు చెదరలేదు. ఆస్పత్రిలో రోగుల ముందు కూడా ఇలాగే నవ్వుతుందేమో.

"ఇటివ్వండి, నేను కోస్తాను. ఒకసారి కోసిన చెయ్యే కదండీ," అని నా వేళ్ళ మధ్య నుంచి కత్తి మెల్లగా తీసుకుంది. "ముక్కలు సన్నగానే కదా, పెద్దమ్మగారూ?"

అమ్మ వద్దనలేదు. నేనూ వద్దనలేదు. ఆమె కాయను తన వైపు తిప్పుకుని గాటు పెట్టింది. అమ్మ చెయ్యి ఇంకా నా మణికట్టు మీదే ఉంది.