నిండాయా, నడుస్తున్నాయా?

సముద్రమంటే భయం కొంచెం తగ్గింది గానీ, బడి నుంచి కబురొస్తే మాత్రం జ్ఞానవతికి గుండె జారిపోయేది. సునామీ వచ్చి ఏడాదిన్నర దాటింది. నికోబార్‌ దీవుల్లోని క్యాంబెల్‌బేలో ఇల్లూ వాకిలీ నీళ్లపాలయ్యాయి. అయినా మొగుడు దేవకుమార్, అత్త గురువమ్మ, కూతురు ఫేబే దక్కారు, అదే పదివేలనుకుని పోర్ట్‌బ్లెయిర్ చేరి హాడోలో టిఫిన్ బండి పెట్టుకుంది. అలాంటి మనిషిని రెండో తరగతి టీచరు శారదాదేవి ఒక్క మాటతో కూలదోసింది.

పాప పిలిస్తే చూడదట. అందరూ ఆడుకుంటుంటే ఓ మూల కూచుని చెప్పు పట్టీ ఊడదీస్తూ, పెడుతూ ఉంటుందట. ఇది ఆటిజమేమో, మెయిన్‌లాండ్ నుంచి డాక్టరుగారు వస్తున్నారు, చూపించమంది. టీచరు చెడ్డది కాదు. కానీ పొరుగింటి బుల్లమ్మ ఉందే, ఆవిడ నోటికి తాళం లేదు. అలాంటి పిల్లల్ని చెన్నైలో హాస్టల్లో పడేస్తారని చెప్పి చక్కా పోయింది.

ఆ రోజు నుంచి జ్ఞానవతికి ముద్ద దిగలేదు. పెనం మీద దోసె మాడుతున్నా చూసేది కాదు. ఫేబే అన్నం తింటుంటే వెనక నుంచి పిలిచేది. పలక్కపోతే వణికేది, పలికితే మళ్లీ పిలిచేది. ఆఖరికి పిల్ల విసిగి చెవులు మూసుకుంటే, అదీ రోగమేననుకుని ఏడ్చింది. అలలోంచి లాక్కొచ్చిన పిల్లను ఇప్పుడు చేతులారా పంపెయ్యాలా అని ప్రభువుతో పోట్లాడింది.

డాక్టరు విశాఖపట్నం ఆవిడ. పాపతో చాలాసేపు ఆడి, తర్వాత వయసడిగింది.

"ఆరు నడస్తందండి," అంది జ్ఞానవతి.

డాక్టరు తలెత్తింది. "నడుస్తోందా, నిండిందా? బడివాళ్లు ఆరు దాటాయన్నారు."

"నిండినవి ఐదేనండి."

తీగ లాగితే డొంకంతా కదిలింది. సునామీ శిబిరంలో పిల్లల వయసులు అడిగినప్పుడు జ్ఞానవతి కాలు విరిగి ఆసుపత్రిలో ఉంది. గురువమ్మ ఐదు నడుస్తోందనడానికి తనకొచ్చిన హిందీలో "పాంచ్ చల్తా" అని చెప్పింది. మనవాళ్లు చెప్పేది నడిచే ఏడే కదా. నాలుగు నిండి నెల తిరిగిన పిల్లకు ఐదు నిండాయనుకున్నారు అడిగినవాళ్లు. ఆ లెక్కనే ఆ వేసవిలో ఒకటో తరగతిలో వేశారు.

క్లాసులో అందరికన్నా చిన్నపిల్లను పెద్దవాళ్లతో పోలిస్తే పసితనమే జబ్బులా కనిపిస్తుందని డాక్టరు చెప్పింది. అలాగని ఏమీ లేదనీ ఇప్పుడే చెప్పలేనంది. ఈడు పిల్లల్లో కూర్చోబెట్టమని, ఆరు నెలలకు వచ్చి మళ్లీ చూస్తానని చెప్పింది. జ్ఞానవతికి ఆ 'చెప్పలేను' అన్న మాటే చెవిలో మిగిలింది.

ఫేబేని ఒకటో తరగతికి మార్చారు. కొన్నాళ్లకే బడి నుంచి మళ్లీ కబురొచ్చింది. బండి దేవకుమార్‌కి వదిలేసి, దారంతా ప్రార్థించుకుంటూ వెళ్లింది. హాస్టల్ మాటే చెబుతారని ఆమెకు గట్టి నమ్మకం.

కొత్త టీచరు పూజ చిరాగ్గా ఉంది. "ఫేబే పక్క పిల్లతో ఒకటే బాతాఖానీ, దీదీ. చుప్ అంటే నాకే ఎదురు జవాబు చెప్తాది."



"ఏటందో ఇంకోపాలి సెప్పండి మేడమ్," అంది జ్ఞానవతి.